వార్షిక నివేదిక 2025–26: పనిచేసే చోట నిర్ణయాలలో కార్మికుల భాగస్వామ్యం

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి విచ్చేసిన సభ్య సోదర సోదరీమణులకు నమస్కారములు.

సంఘ నియమావళిని అనుసరించి 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు జరిగిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మన ఆశయాలు మీకందరికీ తెలిసినవే గనుక వాటిని తిరిగి వివరించడం లేదు.

ఈ సంవత్సరం మన పని దిశను మార్చిన విషయం 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి రావడం. అంతవరకు మనం తరగతులలో చెప్పినది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. వంద మందికి తక్కువ కాకుండా కార్మికులున్న సంస్థలో వర్క్స్ కమిటీ (యాజమాన్య, కార్మిక ప్రతినిధుల ఉమ్మడి కమిటీ) వేయమని ప్రభుత్వం యాజమాన్యాన్ని ఆదేశించే ఏర్పాటు ఆ చట్టంలో మూడవ సెక్షన్‌గా ఉండేది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దానిని దాదాపు అలాగే నిలుపుకొంది. కార్మికుల ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల సంఖ్యకు తగ్గరాదు. అయితే ప్రభుత్వం ఆదేశించనిదే కమిటీ పుట్టదు, పుట్టిన తరువాత కూడా ఉమ్మడి విషయాలపై అభిప్రాయం చెప్పడానికి, విభేదాలను సర్దుబాటు చేయడానికి ప్రయత్నించడానికి మించి దానికి అధికారం లేదు. ఈ లోపం పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది.

ఫిర్యాదుల పరిష్కార కమిటీ విషయంలో మాత్రం కొత్త కోడ్ కొంత మేలు చేసిందని కార్యవర్గం అభిప్రాయపడింది. ఇరవై మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలో ఈ కమిటీ ఉండి తీరాలి. మునుపు ఆరుగురికి మించకూడని సభ్యుల సంఖ్య ఇప్పుడు పది వరకు పెరిగింది. రెండు పక్షాలకూ సమాన సంఖ్యలో సభ్యులుంటారు, అధ్యక్ష స్థానం ఏడాదికొకసారి చేతులు మారుతుంది, మొత్తం కార్మికులలో మహిళల నిష్పత్తి ఎంతో కమిటీలో వారి ప్రాతినిధ్యం అంతకు తగ్గకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, కమిటీలోని కార్మిక సభ్యులలో సగానికి మించి ఒప్పుకోనిదే ఏ నిర్ణయమూ జరిగినట్లు లెక్కకు రాదు. ఫిర్యాదును ముప్పై రోజులలో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చినది నచ్చకపోయినా కార్మికుడు అరవై రోజులలోగా తన యూనియన్ ద్వారా రాజీ అధికారి (వివాదాలలో రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి) వద్దకు వెళ్లవచ్చు. ఈ అంశాలను సులభమైన తెలుగులో కరపత్రంగా అచ్చువేసి నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం, పైడిభీమవరం, పలాస ప్రాంతాలలో షిఫ్టు మారే వేళ గేట్ల దగ్గర పంచాము.

కరపత్రం పంచుతున్నప్పుడు మాకు పదేపదే ఎదురైన సమాధానం ఒక్కటే: "మా దగ్గర కమిటీ ఉందండీ, కానీ అందులో ఎవరున్నారో మాకు తెలీదు." యాజమాన్యమే పేర్లు ఎంచి నోటీసు బోర్డు మీద అంటించడం, సమావేశం జరగకుండానే మినిట్స్ (సమావేశంలో జరిగినది రాసిపెట్టే) పుస్తకం సంతకాల కోసం సీటు దగ్గరకు రావడం, అజెండాలో క్యాంటీన్, ఆటల పోటీలు తప్ప మరేమీ లేకపోవడం మనం చాలా చోట్ల చూశాము. కార్మిక సభ్యులలో సగానికి మించి అంగీకారం ఉండాలన్న నిబంధన ఎంత మంచిదైనా, ఆ సభ్యులను మేనేజరుగారే ఎంచుకుంటే దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. అందుచేత సభ్యులను కార్మికులే ఎన్నుకోవాలి, అజెండాలో తమ అంశాన్ని తామే రాయించాలి, మినిట్స్ నకలు తమ చేతికి తెచ్చుకోవాలి అన్న మూడు విషయాల మీదనే ఈ ఏడాది మన శక్తినంతా పెట్టాము.

ఈ సంవత్సరం సంఘం గర్వంగా చెప్పుకోదగిన కార్యక్రమం, సంక్రాంతికి ముందు ఆదివారం విజయనగరంలో జరిపిన నమూనా వర్క్స్ కమిటీ సమావేశం. ఉపన్యాసాలు విని ఇంటికి వెళ్లిపోవడం కాకుండా, కమిటీ సమావేశం ఎలా నడుస్తుందో నడిపి చూడాలన్న ఆలోచన మన మహిళా విభాగానిది. జూట్ మిల్లు కార్మికులు, ఫెర్రో ఎల్లాయ్స్ (ఇనుము కలిసిన మిశ్రమలోహాల) కర్మాగారాలలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు, పైడిభీమవరం మందుల కంపెనీల ఉద్యోగులు, పలాస నుంచి జీడిపప్పు గ్రేడింగ్ చేసే మహిళలు తెల్లవారుజామున బయలుదేరి వచ్చారు. బల్లకు ఒకవైపు యాజమాన్యం, మరొకవైపు కార్మికులు. పర్సనల్ మేనేజరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన సభ్యులొకరు యాజమాన్యం తరఫున కూర్చుని, అసలు సమావేశాలలో ఎలాంటి అడ్డంకులు వస్తాయో అవన్నీ తెచ్చిపెట్టారు: "ఈ విషయం అజెండాలో లేదు", "పై ఆఫీసుకు రాయాలి", "వచ్చే నెల చూద్దాం" అంటూ.

మొదట మన వాళ్లు ఒకరి మాట ఒకరు వినకుండా అందరూ ఒక్కసారే మాట్లాడారు. రెండవ విడతలో అధ్యక్ష స్థానంలో కూర్చున్నది పలాస నుంచి వచ్చిన ఒక అక్క. ఆమె మాట్లాడేవారిని వరుసలో పెట్టి, ప్రతి అంశం చివర "ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు" అని అడిగి, సమాధానం మినిట్స్‌లో రాసేదాకా తరువాతి అంశానికి వెళ్లనివ్వలేదు. యాజమాన్యం వైపు కూర్చున్న పెద్దాయన తన ఉద్యోగ జీవితంలో ఇంత పద్ధతిగా జరిగిన కమిటీని చూడలేదని అందరి ముందూ అన్నారు. షిఫ్టు వేళల మార్పు మీద చర్చ బాగా సాగింది. స్టాండింగ్ ఆర్డర్లకు (సంస్థలో రాసిపెట్టిన పని నియమాలకు) విరుద్ధంగా షిఫ్టులు మార్చదలచిన యాజమాన్యం ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం పాత చట్టంలోనే కాక కొత్త కోడ్‌లోనూ ఉన్నదని, వచ్చినవారిలో చాలామందికి ఆ రోజే తెలిసింది. ఒప్పుకోని అంశాలను కూడా "ఒప్పందం కుదరలేదు" అని రాయించి సంతకం చేయడం, ఖాళీ కాగితం మీద ఎట్టి పరిస్థితిలోనూ సంతకం చేయకపోవడం అభ్యాసం చేయించాము. సాయంత్రం నాలుగు గంటలకు ముగియవలసిన సమావేశం దీపాలు పెట్టే వేళ వరకు సాగింది. తరువాత కొద్ది వారాలకే ఒక మిల్లులో కార్మిక ప్రతినిధులు తమ కమిటీ మినిట్స్ నకలు లిఖితపూర్వకంగా అడిగి తీసుకున్నారని తెలిసినప్పుడు కార్యవర్గానికి కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

ఆగస్టు 10న మాజీ రాష్ట్రపతి వి.వి.గిరిగారి జయంతిని సభగా జరుపుకొన్నాము. ఆయన 1952లో మన పాతపట్నం నుంచే లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా 1954లో పదవిని వదులుకున్నారు. వివాదాలను కోర్టుల ద్వారా తేల్చడం కన్నా యాజమాన్యమూ కార్మికులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలన్నది ఆయన పట్టు, మన సంఘం మార్గమూ అదే. అదే సభలో రాజ్యాంగం 43ఎ అధికరణం గురించి ఒక న్యాయవాది ప్రసంగించారు. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు భాగస్వామ్యం కల్పించాలని చెప్పే ఆ అధికరణం 1976లో 42వ సవరణ ద్వారా చేరింది, అంటే దాని వయసు ఇప్పుడు యాభై ఏళ్లు. దానిని అమలు చేయడం కోసం 1990లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. జర్మనీలో రెండు వేల మందికి మించి ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు 1976 చట్టం ద్వారా ఉద్యోగులకు దక్కాయి. అదే సంవత్సరం మన రాజ్యాంగంలో చేరిన మాట ఇంకా కోర్టు ద్వారా అమలు చేయించుకోలేని ఆదేశిక సూత్రంగానే ఉండిపోయింది. ఇది సభ్యులందరూ ఆలోచించవలసిన విషయం.

పలాసలో పని మరింత కష్టమైనది, అందుకు తగిన ఫలితం ఇంకా రాలేదు. అక్కడి జీడి పరిశ్రమలలో చాలా వరకు చిన్నవి కావడం వలన వంద మంది, ఇరవై మంది అన్న లెక్కలు వాటికి వర్తించవు. పిక్కలు కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్ చేయడం ఎక్కువగా మహిళల పనే, కూలీ కిలోల లెక్కన. జీడి పిక్క నూనె తగిలి చేతులు కాలడం, తూకంలో తేడా, ముక్కలైన పప్పుకు కోత వంటి విషయాలను నిర్ణయించేటప్పుడు వారిని అడిగేవారు లేరు. చట్టం బలవంతం లేకపోయినా, తూకం వేసేటప్పుడు కార్మికుల తరఫున ఒక మనిషి పక్కన నిలబడేందుకు ఒప్పుకోవాలని కొందరు యజమానులను కోరాము. ఇద్దరు ముగ్గురు సానుకూలంగా మాట్లాడారు. వచ్చే సీజనులో అది ఆచరణలోకి వస్తే తదుపరి నివేదికలో చెప్పుకోగలము.

మందుల కర్మాగారాలలో సేఫ్టీ కమిటీల గురించి రెండు తరగతులు జరిగాయి. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలలో కార్మికులకూ యాజమాన్యానికీ సమాన సంఖ్యలో ప్రతినిధులతో సేఫ్టీ కమిటీ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలో 1987లో చేర్చారు. రియాక్టరు దగ్గర నిలబడే మనిషికే ఏ వాల్వు సరిగా మూసుకోవడం లేదో ముందుగా తెలుస్తుంది. ఆ మనిషి మాటకు విలువ లేని కమిటీ ఎన్ని ఫైళ్లు నింపినా ప్రమాదాలను ఆపలేదు. తరగతికి వచ్చినవారిలో కాంట్రాక్టు ఉద్యోగులే ఎక్కువ, కమిటీలలో వారికి చోటు లేకపోవడం మనం ఇకముందు గట్టిగా పట్టించుకోవలసిన విషయం.

నెల్లిమర్లలో 1994 నాటి పోలీసు కాల్పులలో ప్రాణాలు కోల్పోయిన జూట్ కార్మికులకు జనవరిలో నివాళి అర్పించాము.

ఇక్కడ కొన్ని మాటలు బాధతో చెప్పవలసి ఉంది. మన రెండు జిల్లాలలో ఎన్ని సంస్థలలో వర్క్స్ కమిటీలు, ఫిర్యాదుల కమిటీలు పనిచేస్తున్నాయో తెలుపవలసిందిగా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాము. చట్టం ప్రకారం ముప్పై రోజులలో రావలసిన సమాధానం రాలేదు, మొదటి అప్పీలు కూడా వేశాము. నమూనా సమావేశానికి ఆహ్వానించిన అధికారులు తప్పక వస్తామని ఫోనులో మాట ఇచ్చి, ఆ రోజు వేదిక మీది కుర్చీలను ఖాళీగా వదిలేశారు. ఎంతో దూరం నుంచి, ఒకరోజు కూలీ వదులుకుని వచ్చిన మహిళల ముందు ఆ కుర్చీలు అలా ఉండడం కార్యవర్గానికి మింగుడుపడలేదు. అధికారుల సంగతి అటుంచి, మన సభ్యుల గురించి కూడా చెప్పాలి. గేటు ప్రచారానికి పేర్లిచ్చినవారిలో సగం మంది కూడా రాలేదు. తెల్లవారుజామున షిఫ్టు గేటు దగ్గర నిలబడింది ప్రతిసారీ అవే నాలుగైదు ముఖాలు. నిర్ణయాలలో భాగం కావాలని యాజమాన్యాలను అడుగుతున్న మనం, మన సంఘం కార్యవర్గ సమావేశాలకు కోరం కోసం ఎదురుచూడవలసి రావడం తగదు. పేరు ఇచ్చినవారు దయచేసి రండి, రాలేకపోతే ముందురోజే కబురు చేయండి.

వచ్చినవారికి మాత్రం ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలవు. నమూనా సమావేశానికి హాలును ఉచితంగా ఇచ్చిన యజమానిగారికి, కరపత్రాన్ని కాగితం ఖర్చుకే అచ్చువేసిన ప్రెస్సువారికి, చట్టంలోని భాషను సామాన్యులకు అర్థమయ్యేలా తిరగరాసిన ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులకు, ఫీజు తీసుకోకుండా సలహాలిచ్చిన న్యాయవాదులకు, పలాస నుంచి వచ్చినవారిని రాత్రి క్షేమంగా ఇళ్లకు చేర్చిన వ్యాను డ్రైవరుగారికి, అంతమందికి పులిహోర, పెరుగన్నం వండి వడ్డించిన మహిళా విభాగానికి, మైకు అద్దె తానే కట్టిన బొబ్బిలి సభ్యునికి, మన వార్తలను ప్రచురించిన పత్రికా విలేఖరులకు సంఘం తరఫున ధన్యవాదములు. అనారోగ్యంతోనే ఏడాది పొడవునా రికార్డులు రాసిన సంయుక్త కార్యదర్శిగారికి, పుస్తకాలను పైసా తేడా లేకుండా నిర్వహించిన కోశాధికారిగారికి ప్రత్యేక ధన్యవాదములు.

జమాఖర్చుల పట్టికను ఆడిటరుగారు పరిశీలించారు. నకలు మీ అందరికీ అందింది. సభ్యత్వ రుసుము, విరాళాలు తప్ప మనకు వేరే ఆదాయం లేదు, ఖర్చులో అధిక భాగం అచ్చుకు, ప్రయాణాలకు అయింది. బకాయి పడ్డ సభ్యులు ఈ రోజే చెల్లించవలసిందిగా కోశాధికారిగారు కోరుతున్నారు.

రాబోయే సంవత్సరానికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలను మీ ఆమోదానికి పెడుతున్నది. నమూనా కమిటీ సమావేశాన్ని రాజాంలోను, పలాసలోను కూడా జరపడం మొదటిది. కాంట్రాక్టు ఉద్యోగులకు కమిటీలలో స్థానం కోరుతూ రెండు జిల్లాల కలెక్టర్లకు వినతిపత్రాలు ఇవ్వడం రెండవది. సమాచార హక్కు దరఖాస్తుపై మొదటి అప్పీలుకు కూడా సమాధానం రాకపోతే సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు వేయడం మూడవది. వీటిపై చర్చ పూర్తయిన తరువాత కొత్త కార్యవర్గ ఎన్నిక జరుగుతుంది. గేటు ప్రచారానికి ముందుకు వచ్చేవారు తమ పేరుతోపాటు ఏ షిఫ్టులో ఖాళీ ఉంటుందో కూడా ఈ సమావేశం ముగిసేలోగా మహిళా విభాగం దగ్గరున్న పుస్తకంలో రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి
విజయనగరం