కోతల నడుమ ఆగమన కాలం

చిన్నమ్మీ,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో నీకు శుభాలు. దేవుని కృప వల్ల నేనూ మీ నాన్నా నాయనమ్మా బాగున్నాం. నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గలేదు, అయినా ఈ చలిలో తెల్లవారుజాము ప్రార్థన మానమంటే మానదు.

మొన్న ఫోన్లో అన్నావు కదా, ఆగమన కాలం వచ్చిందని కూడా తెలియలేదమ్మా, నైట్ డ్యూటీలతో బైబిల్ తెరిచే తీరికే లేదు, ఏ సిద్ధపాటూ లేకుండానే క్రిస్మస్ వచ్చేస్తోంది అని. పక్క చేలో కోత మిషను రొదకి నీకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఆ బెంగ నీ ఒక్కదానిదే కాదు. డెల్టా ఊళ్లలో మన క్రైస్తవులందరికీ మొదటి నుంచీ ఉన్నదే. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు నెమ్మదిగా ధ్యానంలో గడపాలన్న ఆచారం చలి దేశాలది. అక్కడ అప్పటికి పంట ఇల్లు చేరిపోయి, నేల మంచు కింద ఉంటుంది. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ లాంటి మిషనరీల నుంచి ఆ ఆచారం మనకు వచ్చింది. ఇక్కడేమో సరిగ్గా ఆ రోజుల్లోనే సార్వా వరి కోతలు. బలిపీఠం మీద ఊదా బట్ట పరిచేసరికి ఊరు ఊరంతా చేలల్లో ఉంటుంది. ఏ పాస్టరుగారు వచ్చినా ఖాళీ బెంచీలు చూసి కాస్త నొచ్చుకుంటారు. నన్నడిగితే మాత్రం సిద్ధపాటు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి నెల లేదు.

నీటి సంగతే చూడు. నాట్లు పడ్డప్పటి నుంచి మన ప్రాణాలన్నీ నీటి మీదే ఉంటాయి. మనవి కాలువ చివరి భూములు, వంతు కోసం మీ నాన్న ఎన్ని రాత్రులు గట్ల మీద పడుకున్నారో నీకు తెలుసు. అంత ఆరాటపడి పెట్టిన నీటిని, గింజ గట్టిపడి వెన్ను వంగాక, కోతకు 10–15 రోజుల ముందు మన చేత్తోనే గట్టు తెగ్గొట్టి బయటికి పంపేస్తాం. లేకపోతే చేను ఒక్కసారిగా పండదు, మిషను దిగబడుతుంది, కోసిన పన నాని పాడవుతుంది. నీళ్లు పెట్టడం ఎవరికైనా వస్తుంది, ఎప్పుడు తీయాలో తెలియాలి. చెడ్డ అలవాటును ఏ నెలలోనైనా మానాల్సిందే, దానికి ఆగమన కాలం దాకా ఆగక్కర్లేదు. ఇన్నాళ్లూ మనకు మంచే చేసినదాన్ని కూడా వేళ వచ్చినప్పుడు ఆపగలగడం, ఉపవాసమంటే నాకు తెలిసింది అదే. డ్యూటీ దిగి రూముకొచ్చాక గంటసేపు ఫోన్ చూస్తే మనసు తేలికపడుతుందన్నావు. నిజమే కావచ్చు. క్రిస్మస్ దాకా అది ఆపి చూడు.

డిసెంబరు రాగానే ఇప్పుడు సెమీ క్రిస్మస్ అని కేకులు కోసి బిర్యానీ పొట్లాలు పంచుతున్నారు. తప్పనను, నేనూ తిన్నాను. కానీ ఇంకా పాలు పోసుకుంటున్న పచ్చి చేనును కోసుకున్నట్టే ఉంటుంది నాకు.

నీరు తీసినా నేలను బొత్తిగా ఎండనివ్వం. నడిస్తే అడుగు అచ్చు పడాలి, కాలు మాత్రం దిగకూడదు. ఆ పదునులో, కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లుతాం, ఎకరానికి 16 కిలోల లెక్కన. ఉన్న పంట కోయకుండా వచ్చే పంట విత్తడమేంటని వేరే జిల్లాల వాళ్లు వింతగా చూస్తారు. కోసేవాళ్లు తొక్కుతుండగానే అది మొలకెత్తుతుంది. ఆ తర్వాత ఒక్క తడి పెట్టం, నేలలో మిగిలిన పదునూ, రాత్రి కురిసే మంచూ దానికి చాలు. మిషను చక్రాల కింద విత్తనం నలుగుతుందని ఇప్పుడు చాలామంది కోతయ్యాకే చల్లుతున్నారు. మీ నాన్న మాత్రం కూలి ఎక్కువైనా మనుషుల్నే పెట్టి కోయిస్తున్నారు.

తీరిక దొరికాక ప్రార్థన మొదలుపెడతానంటున్నావు నువ్వు. తీరిక కోసం చూస్తే పదును దాటిపోతుంది తల్లీ. పని నిలబడి ఉండగానే దాని మొదట్లో చల్లేయాలి. డ్యూటీకి వెళ్లే బస్సులో ఒక కీర్తన చదువుకో. మందులిచ్చేటప్పుడు ఆ పేషెంటు పేరు మనసులో దేవునికి చెప్పు. నాయనమ్మ ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం దేవుని కుండలో వేసి, ఆ తర్వాతే మనకి బియ్యం కడుగుతుంది. ఆవిడకి చదువు రాదు, ధ్యానం అనే మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

2023లో మిచాంగ్ తుపాను గుర్తుందిగా. ఆ ఏడు మొదటి ఆగమన ఆదివారం డిసెంబరు 3. మంగళవారం 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు నీళ్లలో తేలాయి, కోయని 5204 రకం వరి మొత్తం నేలకొరిగి వెన్నుకే మొలకలొచ్చాయి. నీరు పోవడానికి తీసిన బోదెలే మళ్లీ తీశాం. పనలు గట్టుకు చేర్చాం. తేమ 17 శాతం దాటితే కొనరు కాబట్టి రోడ్డు మీద పట్టాలు పరిచి, ధాన్యాన్ని పొద్దస్తమానం కాళ్లతో తిరగేశాం. చివరికి చేతికొచ్చింది కౌలుకే చాలలేదు. ఈసారి చర్చిలో కోత పండుగ పెట్టాలా వద్దా అని సంఘ పెద్దలు తర్జనభర్జన పడ్డారు. పెట్టారు. రంగు మారిన ధాన్యమే తెచ్చి బలిపీఠం ముందు పోశాం. కానుకల వేలంలో మీ నాన్న ఒక గుమ్మడికాయను మూడింతల ధరకు పాడుకొచ్చారు, ఇంటికొచ్చాక నేను దెబ్బలాడాను కూడా.

ఈ ఆదివారం పాఠం బాప్తిస్మమిచ్చు యోహానుది, లూకా మూడో అధ్యాయం. రాబోయే ప్రభువు చేట పట్టుకుని కళ్లం శుభ్రం చేస్తాడని ఆయన చెప్పింది అక్కడే. ప్రసంగీకులు ఆ చేట చూపించి భయపెడతారు, పొట్టును కాల్చే మంట గురించే మాట్లాడతారు. కళ్లంలో తూర్పారపట్టిన ఆడదాన్ని అడిగితే చెబుతుంది, చేట పట్టినవాళ్ల చూపంతా గింజ మీదే ఉంటుందని.

అక్కడ ఇంకో సంగతి ఉంది, నీకు అదే చెప్పాలని. మేమేం చేయాలి అని జనం ఆయన్ని అడిగారు. పని మానేసి నాతో అరణ్యంలో ఉండండని ఎవరికీ చెప్పలేదాయన. సుంకరులతో, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులతో, దౌర్జన్యం చేయక మీ జీతంతో తృప్తిపడండన్నాడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. ఎవరి పనిలో వాళ్లకే సిద్ధపాటు చూపించాడు. నర్సు వెళ్లి అడిగితే ఏమనేవాడు? తెల్లవారుజామున మూడింటికి నాలుగోసారి బెల్లు కొట్టిన ముసలాయన దగ్గరికి విసుక్కోకుండా వెళ్లమనేవాడేమో. నీ వార్డు నాకంటే నీకే బాగా తెలుసు.

24 రాత్రి నీకే డ్యూటీ పడిందన్నావు. మార్చమని ఎవరినీ బతిమాలకు, చంటిపిల్లలున్న వాళ్లెవరైనా ఇంటికి వెళ్తారు. కోత పండుగ జనవరిలో పెడుతున్నారు, సెలవు దానికి దాచుకో. వచ్చేటప్పుడు నాయనమ్మకి మోకాలి బెల్టు తీసుకురా, ఇక్కడి షాపులో ఇచ్చింది వదులైపోయింది. మీ నాన్న స్టారుకి వెదురు బద్దలు చీల్చి పెట్టారు. రంగు కాగితాలు కొరియర్ చేస్తానన్నావు కదా, ఎరుపు రెండు, పసుపు రెండు పంపు. పోయినసారి వచ్చిన నీలం రంగు రాత్రి లైటుకి కనిపించలేదు.

మీ అమ్మ