నీళ్ల దగ్గర మొదలైన యుద్ధం

సంపాదకునికి,

యుద్ధవార్త మొదటి పేజీకి ఎక్కుతుంది, రాజీ వార్త ఎక్కడో లోపల ఉండిపోతుంది. అందుకే ఈ ఉత్తరం. 1991లో సోవియట్ యూనియన్ కూలాక మధ్య ఆసియాలోని కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్‌ల మధ్య సరిహద్దు తేలలేదు. ఒక్కో పాత మ్యాపులో ఒక్కో గీత! 2021 ఏప్రిల్‌లో ఇస్ఫారా నది నీళ్లు మళ్లించే చోట కెమెరాలు పెట్టడంపై గొడవ కాల్పులదాకా పోయింది. 2022 సెప్టెంబరులో మళ్లీ పోరు, లక్షమందికి పైగా ఇళ్లు వదిలారు. నీటి తగాదా ఎంత దూరం పోతుందో మన రైతులకు చెప్పక్కర్లేదు. చివరికి 2025 మార్చి 13న కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో కిర్గిజ్ అధ్యక్షుడు జపరోవ్, తజిక్ అధ్యక్షుడు రహ్మోన్ సరిహద్దు ఒప్పందంపై సంతకాలు చేశారు. మన పిల్లలెందరో ఎంబీబీఎస్ చదువుతున్న దేశం కిర్గిజ్‌స్థాన్. ఆ రాజీ ఎలా కుదిరిందో, నీళ్లు ఎలా పంచుకున్నారో దయచేసి వివరంగా రాయించండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం