టికెట్ ఉన్నా గేటు దాటడమే గండం

సంపాదకులకు,

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అది మ్యాచ్ కూడా కాదు, ముందురోజు ఐపీఎల్ గెలిచిన జట్టుకు సన్మానం. 35 వేల మంది పట్టే చోటికి రెండు మూడు లక్షల మంది వచ్చారని ముఖ్యమంత్రే చెప్పారు. పిలిచినవాళ్లకు ఆ లెక్క ముందే తట్టలేదా?

మన హైదరాబాదూ తక్కువేం తినలేదు. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం జనం ఎగబడ్డారు. తోపులాటలో గాయపడ్డారు, లాఠీ దెబ్బలూ తిన్నారు. అప్పటికి ఆటకింకా మూడు రోజులుంది!

ఇక జేబుదొంగలకు ఇంతకన్నా పండగ ఏముంటుంది? ఓ మ్యాచ్ రోజు గేటు దగ్గర నెట్టుకుంటూ లోపలికెళ్లేసరికి నా ఫోను మాయం. ఫిర్యాదు చేద్దామని వెళితే అప్పటికే నలుగురు అదే పని మీద కూర్చున్నారు. నా టెన్షన్ కాస్త తగ్గిందంటే నవ్వుకోకండి. బయట మాత్రం బ్లాకులో టికెట్లు అమ్మేవాళ్లు దర్జాగా తిరుగుతున్నారు.

టికెట్ లేనివాళ్లను గేటు దగ్గర కాదు, అర కిలోమీటరు ముందే ఆపాలి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లను మళ్లీ కాగితం టికెట్ కోసం క్యూలో నిలబెట్టడం మానాలి. ఆట అయ్యాక గేట్లన్నీ తెరవాలి. మ్యాచ్ రోజు స్టేడియం బయటే ఫిర్యాదులు తీసుకునే టేబుల్ ఒకటి వేస్తే చాలామందికి స్టేషన్ చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

- ఓ క్రికెట్ అభిమాని, హైదరాబాద్