పాలిచ్చేటప్పుడు నొప్పి పుడితే ఓర్చుకోమనకండి

ఎడిటర్ గారికి నమస్కారాలు.

మాది తిరుపతి, కొర్లగుంట. పాప పుట్టి మూడు నెలలయింది, ఇప్పుడిప్పుడే రాత్రిపూట కాస్త నిద్ర పడతా ఉంది కాబట్టి కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నా. ప్రతి సంవత్సరం ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు అని పేపర్లో ఫోటోలు వస్తాయి, ర్యాలీలు, బ్యానర్లు, తల్లిపాలు అమృతం అని పెద్దల మాటలు, అవన్నీ చదివినదాన్నే నేను. పుట్టిన గంటలోపే పాలు పట్టాలి, ముర్రుపాలు పారబోయకూడదు, ఆరు నెలలు నిండేదాకా నీళ్ళు కూడా పట్టకూడదు, ఇదంతా కడుపుతో ఉన్నప్పుడే నాకు నోటికి వచ్చేసింది. కానీ పాలు పట్టేటప్పుడు చనుమొనలు పగిలి రక్తం వస్తే ఏం చేయాలి అనేది మాత్రం నాకు యాడా కనపడలేదు. సిగ్గుపడి రాయరో, ఆడవాళ్ళకి ఇది మామూలే కదా అనుకుంటారో. నేనయితే సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నా, మీరు కూడా దయచేసి మాటలు మార్చకుండా వేయండి.

నాది సిజేరియన్. మూడో రోజుకి పాలు పడినాయి, రొమ్ములు రాయి మాదిరి గట్టిపడి చనుమొన లోపలికి అణిగిపోయింది, పాప నోరు పెడితే జారిపోతా ఉంది, ఎట్లో చివర మాత్రం పట్టుకుని చీకుతా ఉంది, చీకిన ప్రతిసారీ గాజుపెంకుతో గీసినట్టు ఉంది నాకు. సిస్టర్‌ని అడిగితే దూరం నుంచే చూసి పట్టింది కదమ్మా, బాగానే తాగతా ఉంది అని వెళ్ళిపోయింది. రోజుకి రెండుసార్లు బీపీ చూసినారు, కుట్లు చూసినారు, పాప బరువు చూసినారు, పాప ఎట్లా పాలు తాగతా ఉందో పక్కన కూర్చుని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయిదో రోజు డిశ్చార్జ్ చేసి పంపించేసినారు.

ఇంటికి వచ్చిన రోజు రాత్రి రెండు గంటలకి పాప లేచి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే పాలు కారిపోయినాయి, వాటితోబాటే కళ్ళనీళ్ళు కూడా, మళ్ళీ పట్టాలి కదా అని భయం. మా అమ్మ పాపని ఒళ్ళో పెట్టింది, నేను టవల్ మూల పళ్ళ మధ్య పెట్టుకుని కాళ్ళ వేళ్ళు బిగబట్టుకుని పది లెక్కపెట్టినా, ఇరవై లెక్కపెట్టినా, నొప్పి తగ్గనే లేదు. పాప వదిలినాక లైటు వేసి చూస్తే దాని కింది పెదవి మీద ఎర్రగా ఉంది. బిడ్డకి ఏమో తగిలిందని మా అమ్మ తడిగుడ్డతో తుడిచి నోరంతా చూసింది. అది నా రక్తం. చనుమొన గుండ్రంగా లేదు, కొత్త లిప్‌స్టిక్ చివర మాదిరి ఒక పక్కకి ఏటవాలుగా నొక్కుకుపోయి, మధ్యలో పగులు. తెల్లారగట్ల పాప కక్కిన పాలల్లో కూడా గోధుమరంగు చారలు, ఇంట్లో అందరం గుండెలు చేత్తో పట్టుకుని ఆటో ఎక్కి మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తినాం. బిడ్డకేం కాలేదు, మింగింది తల్లి రక్తమే, దానివల్ల బిడ్డకి హాని లేదు అని చెప్పినారు, అంతవరకూ మంచిదే. కానీ ఆ రక్తం ఎందుకు వచ్చిందని మాత్రం అడగలేదు, పాలడబ్బా పేరు ఒక చీటీ మీద రాసి ఇచ్చి పంపించినారు.

ఇంట్లో పెద్దవాళ్ళు మొదటి కాన్పుకి అట్లనే ఉంటుంది, మేమంతా ఓర్చుకోలేదా, ఓర్చుకోవాల అన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకి కూడా ఇంకో మాట చెప్పినవాళ్ళు లేరు. మా పెద్దమ్మ నెయ్యి రాసింది, నేను శుభ్రం శుభ్రం అని పట్టిన ప్రతిసారీ సబ్బుతో కడిగినా. సబ్బు పెడితే చర్మం ఎండిపోయి ఇంకా పగులుతుందని తర్వాత తెలిసింది, ముందు తెలిసుంటే సగం బాధ తప్పేది.

ఎనిమిదో రోజు మా వీధి ఆశా అక్క వచ్చింది. కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులకి వాళ్ళు వచ్చి చూడాలని ఉంది కదా, అట్ల వచ్చింది. నా మొహం చూసి పాప సంగతి తర్వాత, ముందు నీ సంగతి చెప్పు అని అడిగింది. అంతే, ఏడ్చేసినా. మరుసటి రోజు అర్బన్ హెల్త్ సెంటర్ నుంచి ఏఎన్ఎం గారిని పిలుచుకొచ్చింది. ఆయమ్మ చేసిన పని ఒకటే, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, ఇప్పుడు పట్టమ్మా, నేను చూస్తా అన్నింది.

నేను పాప మీదికి వంగి రొమ్ము నోట్లో పెడతా ఉంటే ఆపేసింది. నువ్వు బిడ్డ దగ్గరికి వంగొద్దు, బిడ్డనే నీ దగ్గరికి తెచ్చుకో, నడుముకి దిండు పెట్టుకో అన్నింది. సిజేరియన్ కుట్ల మీద బరువు పడకుండా పాపని చంక కిందకి, కాళ్ళు నా వీపు వైపు పోయేటట్టు పట్టుకోమంది. పాప మెడ, భుజాలు నా అరచేతిలో, తల ఒక పక్కకి తిరగకుండా ఒళ్ళంతా ఒకే వైపు. రొమ్ము మరీ గట్టిగా ఉంది కదా, ముందు వేళ్ళతో కొంచెం పాలు పిండేయించింది, మెత్తబడితేనే బిడ్డకి పట్టు దొరుకుతుంది అని. ఆ తర్వాత పాప ముక్కుకి ఎదురుగా చనుమొన ఉంచి పై పెదవికి తాకించమంది. పాప కొంచెం నోరు తెరిచింది, నేను పెట్టేయబోతే ఇంకా ఉండు, ఇంకా ఉండు అన్నింది, ఆవలించినంత పెద్దగా తెరిచినప్పుడు ఇప్పుడు అన్నింది. గడ్డం ముందు తగిలింది, కింది పెదవి బయటికి మడిచినట్టు తిరిగింది, చనుమొన ఒక్కటే కాదు, కింద ఉండే నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి పోయింది. మొదట రెండు గుక్కలకి చురుక్కుమంది, ఆ తర్వాత నేను నొప్పి కోసం కాచుకుని కూర్చున్నా, రాలేదు. గుటక వేసే శబ్దం వినపడింది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆ శబ్దం విన్నా నేను.

ఒకవేళ నొప్పి అట్లనే ఉంటే ఓర్చుకోవద్దు, లాగేయనూ వద్దు, చిటికెన వేలు నోటి మూల నుంచి పెట్టి పట్టు వదిలించి మళ్ళీ పెట్టు, పదిసార్లయినా పర్వాలేదు అన్నింది. మొదటి వారం కొంచెం సున్నితంగా ఉండేది ఉంటుంది గానీ, పుండు పడేంత నొప్పి ఉందంటే పట్టు సరిగా లేదనే లెక్క అన్నింది. పట్టడం అయినాక నా పాలే రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వమంది, మెడికల్ షాపులో దొరికే లానోలిన్ ఆయింట్‌మెంట్ కూడా రాసుకోవచ్చని చెప్పింది. తడిసిన ప్యాడ్ అట్లనే ఉంచుకోవద్దని, ముందు నొప్పి తక్కువ ఉన్న పక్క పట్టమని, బాగా పుండు పడిన పక్క ఒకటి రెండు పూటలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టమని చెప్పింది. వారం పది రోజులకి పగుళ్ళు మానిపోయినాయి.

నొప్పి అందరికీ పట్టు వల్లనే రాదు, అది కూడా ఆయమ్మే చెప్పింది. బిడ్డ నాలిక కింద అంటుకుని ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించాలంట. బాగానే ఉన్నది మళ్ళీ మంట మొదలై, పాలు పట్టినాక కూడా లోపల మండతా ఉండి, బిడ్డ నోట్లో తుడిచినా పోని తెల్ల మచ్చలు ఉంటే ఫంగస్ కావచ్చు, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ మందు వేయాల. జ్వరం వచ్చి రొమ్ము ఒకచోట ఎర్రగా, గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాల, పాలు మాత్రం ఆపకూడదు, ఆపితే ఇంకా గడ్డకడుతుంది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. తిరుపతికి చంద్రగిరి, పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి కూడా కాన్పులకి వస్తారు, ఇంటికి పోయినాక వాళ్ళు చంటిబిడ్డతో మళ్ళీ రావాలంటే ఎంత కష్టం. సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఉంది, ప్రైవేటులో అయితే బిల్లు కట్టినాక గానీ కదలనివ్వరు, మరి ఈ రెండు చోట్లా డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక సిస్టర్ పది పదిహేను నిమిషాలు కూర్చుని బిడ్డ పాలు తాగేది మొదటి నుంచి చివరిదాకా చూడకూడదా? 2016లో కేంద్రం తల్లిపాల కోసమే ‘మా’ అని కార్యక్రమం పెట్టింది, నర్సులకి, ఆశాలకి ట్రైనింగ్ అన్నారు. ఆ ట్రైనింగ్ మంచం పక్కకి రావాల. పాలడబ్బాలు ఆసుపత్రుల్లో ప్రమోట్ చేయకూడదని 1992 నుంచి చట్టం కూడా ఉంది. నిజంగా అవసరమయ్యే తల్లులు ఉంటారు, డబ్బా పాలు పట్టిన తల్లిని ఎవరూ ఒక్క మాట అనకూడదు, నేను కూడా నాలుగు రోజులు రాత్రిపూట పట్టినా. కానీ నొప్పికి మందు డబ్బా కాదు కదా.

మీరు కూడా ఈసారి ఆగస్టులో ర్యాలీ ఫోటో పక్కనే బిడ్డ నోరు ఎట్లా పట్టాలో ఒక బొమ్మ వేయండి, పెద్దగా, మంచం పక్కన గోడకి అతికించుకునేంత. మా వీధి చివర ఇంకో అమ్మాయికి వచ్చే నెల కాన్పు. రెండో రోజే నేను స్టూలు వేసుకుని కూర్చుంటానని చెప్పి పెట్టినా.

ఇట్లు,
ఒక బాలింత,
కొర్లగుంట, తిరుపతి