టీకాల రాత్రి గురించి, నీకు

ఒరేయ్,

గురువారం మీ బుడ్డోడికి రెండో నెల టీకాలని, నువ్వు ఇప్పటినుంచే టెన్షన్ పడుతున్నావని చెల్లెమ్మ ఫోన్‌లో చెప్పిందట, మా ఆవిడ వచ్చి నాతో అంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదురా. మా పాప విషయంలో నేను చేసిన వెధవ పనులు నాకింకా గుర్తున్నాయి. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు కాబట్టి రాస్తున్నా.

మా పాపకి మొదటిసారి ఏమీ కాలేదు. జ్వరం లేదు, పెద్దగా ఏడవలేదు కూడా. అప్పుడు నాకొచ్చిన అనుమానం ఏంటో తెలుసా, అసలు టీకా పనిచేసిందా లేదా అని! జ్వరం వస్తేనే పనిచేసినట్టు కాదట, రాకపోయినా పనిచేస్తుందట. ఆ ధీమాతో నాలుగో నెల టీకాలకి హాయిగా వెళ్లొచ్చాం. వేశాక ఓ అరగంట అక్కడే కూర్చోమన్నారు, కూర్చున్నాం. నువ్వూ తొందరపడి వచ్చేయకు, అరుదుగా వచ్చే పెద్ద అలర్జీ వస్తే సాధారణంగా ఆ కాసేపట్లోనే బయటపడుతుంది.

మధ్యాహ్నమంతా బాగానే పడుకుంది. సాయంత్రం ఆరింటికి మొదలైందిరా బాబూ. డైపర్ మార్చడానికి కాలు ఎత్తితే కెవ్వుమంది, తొడ మీద సూది గుచ్చిన చోట ఎర్రగా, కొంచెం ఉబ్బి ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది. నేనేం చేశానంటే ఫ్యాన్ ఆపి, టోపీ పెట్టి, సాక్సులు తొడిగి, రెండు దుప్పట్లు చుట్టేశా. అరగంటయ్యాక చంకలో థర్మామీటర్ పెడితే 38.5 డిగ్రీల సెల్సియస్. మా ఆవిడ వచ్చి చూసి, నన్నేమీ అనకుండా, అన్నీ ఒక్కొక్కటీ విప్పేసి పల్చటి చొక్కా ఒక్కటే ఉంచింది. కాసేపటికి 38కి దిగింది. అంటే సగం జ్వరం నేను తెప్పించిందే. అలాగని చన్నీళ్లతో ఒళ్లు తుడవడం కూడా వద్దు, బిడ్డ వణుకుతుంది తప్ప లాభం ఉండదు.

ఇక మందు సంగతి. ఇది జాగ్రత్తగా చదువు. ఇంట్లో మా అక్క కొడుక్కి వాడిన పారాసెటమాల్ సిరప్ ఉంది, పాపకి రాసిచ్చిన డ్రాప్స్ ఉన్నాయి. కంగారులో డ్రాప్స్ సీసా తీసి సిరప్ కొలతతో పోయబోయా. ఒక్కో సీసాలో మందు పాళ్లు ఒక్కోలా ఉంటాయి, పేరు ఒకటే కదా అని కొలత మారిస్తే మోతాదు ఎన్నో రెట్లు మారిపోవచ్చు. డాక్టర్లు పిల్లల బరువును బట్టి, మామూలుగా కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలైనా ఎడం ఉండాలి, 24 గంటల్లో నాలుగు సార్లు దాటకూడదు. మీ వాడికి ఎంతో గురువారం అక్కడే బరువు చూపించి, ఏ సీసాలోంచి ఎన్ని మి.లీ. అని అడిగి కాగితం మీద రాయించుకో. వేసిన టైమ్ కూడా రాసిపెట్టుకో, లేకపోతే రాత్రి ఒకసారి నువ్వు, ఒకసారి చెల్లెమ్మ వేసేస్తారు. డాక్టర్ చెబితే తప్ప జ్వరం రాకముందే వేయకు. ఆస్పిరిన్ పిల్లలకి అసలొద్దు, ఐబుప్రోఫెన్ ఈ వయసుకి వద్దు.

మీ వాడికి, మా పాపకి ఒక తేడా ఉంది. మూడు నెలలు నిండని బిడ్డకి జ్వరం 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, టీకా వల్లేలే అని మనంతట మనం తేల్చేసుకోకూడదు. డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలి. గురువారమే అడిగి పెట్టుకో, ఎంత జ్వరానికి ఫోన్ చేయాలి, రాత్రయితే ఎవరికి చేయాలి అని.

ఆ రాత్రి నేను ఇరవై నిమిషాలకోసారి టెంపరేచర్ చూశా. హాయిగా పడుకున్న పిల్లని లేపి మరీ! మా ఆవిడ థర్మామీటర్ దాచేసింది. అది దాచేశాకే పాపని సరిగ్గా చూడటం మొదలుపెట్టా. కళ్లు తెరిచినప్పుడు నా వైపు చూస్తోంది, పాలు తక్కువైనా మాటిమాటికీ తాగుతోంది, డైపర్ తడుస్తోంది, ఎత్తుకుంటే ఏడుపు ఆపుతోంది. ఇవన్నీ ఉంటే చాలావరకు ఫరవాలేదు. ఎత్తుకుని గుండెకి ఆనించుకుని తిప్పడం, అడిగినప్పుడల్లా పాలివ్వడం, ఇంతకు మించి మేం చేసింది ఏమీ లేదు. తెల్లారేసరికి జ్వరం జారిపోయింది, మర్నాటికి మళ్లీ మామూలే. ఎక్కువమందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

వీటికి మాత్రం ఆగొద్దు: మూడు గంటలు దాటినా ఏం చేసినా ఆగని ఏడుపు, ఫిట్స్, బిడ్డ వేలాడిపోయినట్టు అయిపోవడం, లేపినా లేవకపోవడం, పాలు పూర్తిగా మానేయడం, ముఖం వాయడం, ఊపిరికి ఇబ్బంది. ఇవి చాలా అరుదు. వస్తే మాత్రం నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు, ఆసుపత్రికి పరిగెత్తు.

వాచిన చోట తడిపి పిండిన చల్లటి గుడ్డ కాసేపు పెట్టండి. రుద్దొద్దు. అక్కడ బఠాణీ గింజంత గడ్డ మిగిలితే భయపడకు, మా పాపకి మూడు వారాలుంది, దానంతటదే కరిగిపోయింది. ఎరుపు రోజురోజుకీ పెరిగిపోతుంటే, చీము పడితే చూపించాలి. నోట్లో వేసే రోటావైరస్ చుక్కలు కూడా ఉంటే కొన్నాళ్లు విరేచనం కాస్త పల్చగా అవ్వచ్చు, ఆ టీకా వైరస్ అందులో బయటికి వస్తుంది కాబట్టి డైపర్ మార్చాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి. నువ్వు కూడా, ఆ పని చెల్లెమ్మదే అనుకోకు.

తర్వాతి డోసు వాయిదా వేద్దామని నీకు తప్పకుండా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, మా ఆవిడ వినలేదు. మామూలు జ్వరం వచ్చిందని ఆపక్కర్లేదు, ఏం జరిగిందో ముందు డాక్టర్‌కి చెబితే చాలు.

తట్టు టీకా దగ్గర ఇంకో తమాషా ఉంది, దాని జ్వరం ఆ రాత్రి రాదు, వారం దాటాక వస్తుంది. ఆ గోల దాని టైమ్‌కి చెబుతాలే.

గురువారం రాత్రి థర్మామీటర్ చెల్లెమ్మకి ఇచ్చెయ్.

నీ వాడే