సంతకం పెట్టే ముందు ఒకసారి సైకిలెక్కి చూడరా

బ్రిస్టల్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మీ ఆఫీసు వాళ్ళ సైకిల్ టు వర్క్ స్కీమ్‌లో సైకిల్ తీసుకోనా అని అడిగిన నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. జవాబు కూడా అలాగే చెప్పేద్దామనుకున్నాను గానీ, ఈ సంగతులు నువ్వు షాపులో నిలబడి మళ్ళీ చూసుకోవాల్సినవి. అందుకే రాస్తున్నాను. పిల్లలు పడుకున్నారు, బయట వాన పడుతోంది, నాకు టైముంది.

ముందు అసలు జవాబు. తీసుకో. లీడ్స్ వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే బస్సుల కోసం నిలబడీ నిలబడీ విసిగిపోయానన్నావు. హెడింగ్లీ నుంచి మీ ఆఫీసు మూడు మైళ్ళు కూడా ఉండదు. సైకిల్ టు వర్క్ స్కీమ్ నీలాంటి వాడి కోసమే పెట్టారు. కాకపోతే "నలభై రెండు శాతం తగ్గుతుందట్రా" అని సంబరపడ్డావు చూడు, అక్కడ కాస్త ఆగు.

ఆ 42 శాతం మనది కాదు. 40 శాతం పన్ను కట్టేవాళ్ళకి దాని మీద నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ, పన్నుతో పాటు జీతంలోంచి పట్టుకునే ఇంకో కోత) 2 కలిపితే అంత వస్తుంది. నీ జీతానికి పన్ను 20, ఎన్ఐ 8. అంటే 28. ఇది కూడా షాపువాడు తగ్గించేది కాదు. కంపెనీ సైకిల్ కొని నీకు అద్దెకిస్తుంది. ఆ అద్దెని పన్ను పడకముందే నీ జీతంలోంచి కోసుకుంటారు. కోసిన ముక్క మీద నువ్వు పన్నూ ఎన్ఐ కట్టక్కర్లేదు కాబట్టి అంత మిగులుతుంది. 1999 నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. ఇదివరకు మామూలుగా వెయ్యి పౌండ్ల దగ్గర ఆగేది. 2019లో రూల్స్ మార్చాక కంపెనీ ఒప్పుకుంటే ఎంత ఖరీదైనదైనా తీసుకోవచ్చు, ఎలక్ట్రిక్ సైకిల్ కూడా. మన బలహీనత మొదలయ్యేది కూడా అక్కడే.

నీ లెక్కే వేసి చూద్దాం. మొత్తం 800 పౌండ్లనుకో. పన్నెండు నెలలు, నెలకి 67 దాకా జీతంలోంచి పోతాయి గానీ చేతికొచ్చే డబ్బులో తగ్గేది 48. ఏడాదికి 576. మిగిలింది 224. బావుంది కదా? ఇప్పుడు అసలు మెలిక. ఏడాది తర్వాత ఆ సైకిల్ ఇంకా నీది కాదు. నీ పేరు మీదకి రావాలంటే దాని అప్పటి విలువ కట్టాలి. ఇక్కడి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ పట్టిక ప్రకారం 500 దాటిన సైకిల్‌కి ఏడాది తర్వాత విలువ 25 శాతం. అంటే 200 పౌండ్లు. అప్పుడు ఏడాదంతా చేసిన ఆదా 24 పౌండ్లు! అందుకే చాలా కంపెనీలు అద్దె గడువుని పొడిగిస్తాయి. నాలుగేళ్ళు నిండితే విలువ 7 శాతానికి పడిపోతుంది, అంటే 56. అది ముందే డిపాజిట్‌గా కట్టేస్తే మిగతా మూడేళ్ళూ నెలనెలా కట్టేదేమీ లేకుండా వాడుకుంటావు, చివర్లో నీదైపోతుంది. అలా చూస్తే 800 సైకిల్ నీకు 632కి పడినట్టు. మీ కంపెనీలో ఆఖర్న ఏ పద్ధతి ఉందో హెచ్ఆర్‌ని అడగకుండా సంతకం పెట్టకు.

అడిగేటప్పుడే ఇంకో రెండు అడుగు. పెన్షన్‌కి డబ్బు వేసేది తగ్గిన జీతం మీదా, అసలు జీతం మీదా? వీసాకి చూపించిన జీతానికి ఈ కోతతో ఏమైనా ఇబ్బందా? నువ్వు స్పాన్సర్‌షిప్ మీద ఉన్నావు, ఈ ముక్క రాతపూర్వకంగా తెప్పించుకో. మధ్యలో ఉద్యోగం మారితే మిగిలిన అద్దెంతా ఆఖరి జీతంలోంచి, అదీ పన్ను పడ్డాక, ఒక్కసారే పట్టుకుంటారు. చెల్లెమ్మ కూడా తీసుకుంటానందన్నావు కదా, పిల్లల ఆలోచన ఉంటే మాత్రం తనని ఆగమను. మెటర్నిటీ పే లెక్కకట్టే నెలల్లో జీతం తగ్గి కనిపిస్తే ఆ డబ్బు కూడా తగ్గుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2021లో నాకు తగిలిన దెబ్బ నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అప్పట్లో ఎన్ఐ 12 శాతం, అంటే 32 మిగిలేది. 32 మిగులుతుంటే మంచిదే తీసుకుందాం అనిపించింది. 1,500 పౌండ్లు పెట్టి కార్బన్ ఫ్రేమ్ రేసు సైకిల్ తీసుకున్నాను. చిటికెన వేలితో ఎత్తొచ్చు, అంత తేలిక. షాపులో ఆయన నా ఎత్తు అడిగి సైజు చెప్పేశాడు, నేను తొక్కి చూడకుండానే సరేనన్నాను. హ్యాండిల్ బాగా కిందికి, బాగా దూరంగా ఉండేది. రెండు వారాలకి మెడ పట్టేసింది. నెలన్నరకి కుడిచేతి చివరి రెండు వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. టైర్లు 25 మిల్లీమీటర్లు, సన్నగా గట్టిగా ఉండి రోడ్డు మీది ప్రతి గతుకూ వెన్నులోకి వచ్చేది. మడ్గార్డులు బిగించడానికి ఫ్రేముకి కన్నాలే లేవు. వాన పడిన రోజు వెనక చక్రం చిమ్మిన బురద నడుము నుంచి మెడ దాకా గీతలా పడేది. ఆ చొక్కాతో మీటింగులో కూర్చోలేక బ్యాగులో రెండో చొక్కా పెట్టుకునేవాణ్ణి.

అమ్మేద్దామనుకున్నాను. అమ్మకూడదు! మొదటి ఏడాది అది కంపెనీ సొత్తు. తర్వాత మూడేళ్ళు పొడిగించిన అద్దె కింద స్కీమ్ నడిపే సంస్థ సొత్తు. సైకిల్ షెడ్డులో వేలాడుతుంటే నెలనెలా పే స్లిప్పులో 125 పౌండ్ల కోత చూడటం నాకు నిజంగా బాధగా ఉండేది. ఇంటికి పంపాల్సిన డబ్బు గోడకి తగిలించినట్టు ఉండేది.

ఆ తర్వాత ఒకాయన దగ్గర 180 పౌండ్లకి పాత అల్యూమినియం సైకిల్ కొన్నాను. వెడల్పు టైర్లు, మడ్గార్డులు, వెనక క్యారేజీ. మూడు చలికాలాలు దాని మీదే తిరిగాను. రోజూ వెళ్ళే దారికి ఏం కావాలో నాకు నేర్పింది అదే. నేను మాంగట్స్‌ఫీల్డ్ నుంచి టెంపుల్ మీడ్స్ స్టేషన్ వైపు ఎక్కువగా పాత రైలు కట్ట మీదే వెళ్తాను. బ్రిస్టల్ నుంచి బాత్ ఊరి దాకా మొత్తం 13 మైళ్ళు ఉంటుంది ఆ దారి. రైళ్ళు ఆగిపోయాక 1979 నుంచి 86 దాకా కొంచెం కొంచెంగా సైకిళ్ళ కోసం వేశారు. రైలు ఎక్కువ ఎత్తు ఎక్కలేదు కదా, అందుకని మనకీ మిట్టలు లేవు. స్టేపుల్ హిల్ దగ్గర సొరంగం వస్తుంది. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు పెడల్ ఆపితే వెనక ఫ్రీవీల్ టిక్‌టిక్‌మనే చప్పుడు గోడలకి తగిలి నా చుట్టూ తిరుగుతుంది. పైనుంచి ఒక్కో చుక్క మెడ మీద పడుతుంది. నువ్వొచ్చినప్పుడు తప్పకుండా తీసుకెళ్తాను.

నీ దారి వేరు. పొద్దున పల్లం, సాయంత్రం అలసిపోయి మిట్ట ఎక్కాలి. కాబట్టి బరువు కంటే గేర్లు చూడు. పెడల్ దగ్గర చైను తిరిగే పళ్ళ చక్రాల్లో చిన్నదానికి 34 పళ్ళు, వెనక పళ్ళ చక్రాల్లో అన్నిటికంటే పెద్దదానికి 32 గానీ 34 గానీ ఉంటే బ్యాగుతో కూడా కూర్చునే ఎక్కేస్తావు. షిమానో క్లారిస్ అని వెనక ఎనిమిది గేర్ల సెట్ ఉంటుంది. అందరూ దాన్ని తక్కువగా చూస్తారు. నా ఇప్పటి సైకిల్‌కి అదే ఉంది, ఒక్కరోజు ఏడిపించలేదు. చైను అరిగినా తక్కువ డబ్బుతో మార్చొచ్చు. అదే షిమానోలో పై రకాలు సోరా అయితే తొమ్మిది గేర్లు, టియాగ్రా అయితే పది. వాటి కోసం అదనంగా 200 పెట్టే బదులు ఆ డబ్బుతో మంచి తాళం, లైట్లు కొను.

మిగతావి కళ్ళతో చూడగానే తెలుస్తాయి. వెనక ఇరుసు దగ్గర మడ్గార్డు స్క్రూలకి కన్నాలున్నాయా? మడ్గార్డు బిగించాక కూడా 28 లేదా 32 మిల్లీమీటర్ల టైరు పడుతుందా? డిస్క్ బ్రేకులుంటే వానలో నమ్మకం. ట్రైబన్, బోర్డ్‌మన్ బ్రాండ్ల సైకిళ్ళలో చవక రకాలు చూశానన్నావు. రెండూ మంచి ఎంపికలే, పేరు చూసి వెనకాడకు. కాకపోతే సైకిల్ కొనడానికి స్కీమ్ వాళ్ళిచ్చే వోచరు ఏ షాపుల్లో చెల్లుతుందో ముందు కనుక్కో. స్కీమ్ సంస్థకి షాపులు కమిషన్ కట్టాలి కాబట్టి, కొన్నిచోట్ల తగ్గింపు ధర సైకిల్‌కి వోచరు తీసుకోరు. పోయినేడాది మోడల్ బాగా తగ్గించి అమ్ముతుంటే, స్కీమ్ లేకుండా నేరుగా కొనడమే చవక కావచ్చు.

800లో సైకిల్‌కి 650 దాటనివ్వకు. మిగిలిన 150తో మడ్గార్డులు, లైట్లు, హెల్మెట్, ఇనప డి-లాక్. ఇవన్నీ అదే వోచరులో వస్తాయి, చాలామంది మర్చిపోయి తర్వాత జేబులోంచి పెడతారు. తాళం మీద సోల్డ్ సెక్యూర్ గోల్డ్ అని ఉందో లేదో చూడు, తాళం గట్టిదని పరీక్షించి ఇచ్చే గుర్తు అది. రాత్రిపూట ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టర్ ఇక్కడ చట్టం. హెల్మెట్ చట్టం కాదు గానీ నువ్వు పెట్టుకుంటావు, అందులో మాటల్లేవు.

అన్నిటికంటే ముఖ్యం, తొక్కి చూడు. తెనాలిలో గంటకి రెండు రూపాయలిచ్చి అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందక బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళం, గుర్తుందా? అప్పుడు మనకి దొరికిందే మన సైజు. ఇప్పుడలా వద్దు. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగాలి, భుజాలు చెవుల దాకా రాకూడదు. పది నిమిషాలు రోడ్డు మీద తిరిగి రానివ్వమని అడుగు. కుదరదంటే ఇంకో షాపుకి వెళ్ళు, మొహమాటపడకు. నేను అడగడానికి మొహమాటపడే అంత నష్టపోయాను.

ఇంకొకటి. వీటి ట్యూబులకి వాల్వు మన ఊళ్ళోలా ఉండదు. సన్నగా ఉండి కొసన చిన్న నట్టు ఉంటుంది. అది విప్పి, ఒక్కసారి వేలితో నొక్కి వదిలి, అప్పుడు గాలి కొట్టాలి. మొదటిరోజు నేను అది తెలియక వాల్వు కొస వంచేశాను. మీటరున్న పంపు ఒకటి కొనుక్కో, వారానికోసారి చూసుకో. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది చైనుని తినేస్తుంది. ఇంటికి రాగానే పాతగుడ్డతో తుడిచి రెండు చుక్కలు ఆయిల్ వెయ్యి.

శనివారం షాపుకి వెళ్తానన్నావుగా. అక్కడి నుంచే వీడియో కాల్ చెయ్యి. సైకిల్ మీద కూర్చున్నప్పుడు చెల్లెమ్మని పక్కనుంచి చూపించమను, మోచేతులు నేను చూస్తాను. హెచ్ఆర్ జవాబిచ్చిన మెయిల్ కూడా నాకు పంపు, చదివి చెబుతాను.

వదిన నిన్ను అడిగానని చెప్పమంది. ఉంటాను.

నీ,
రాము