శీనూ, బురదలోంచి రాస్తున్నా

ట్యాంపా, ఫ్లోరిడా,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

"అక్కడ ఏం చూశావురా" అని అడిగావు కదా, ఫోన్లో చెబితే తేలేది కాదు. అందుకే ఇంత ఉత్తరం.

మొన్న బిగ్ సైప్రెస్ అనే చిత్తడి అడవిలో దిగాను. గైడు చేతికో కర్ర ఇచ్చి, ముందు కర్ర తర్వాత కాలు అన్నాడు. నీళ్ళు తేటగానే ఉన్నాయి, అడుగున సున్నపురాయి, దాన్నిండా గుంతలు. ఒక్క అడుగు కర్ర లేకుండా వేశాను. నడుం దాకా దిగబడ్డా. కాలొచ్చింది, బూటు రాలేదు. గైడే చెయ్యి పెట్టి లాగాడు. ఆపైన రంపపు గడ్డి! మన తుంగ జాతిదే, కానీ మనిషిని మించిన ఎత్తు. ఆకుని పైకి నిమిరితే ఊరుకుంటుంది, కిందికి నిమిరితే వేలు తెగుతుంది. నాది తెగింది.

ఇలాంటి చోట అమెరికా సైన్యం సెమినోల్ అనే ఇక్కడి ఆదివాసుల్ని వెతుక్కుంటూ ఏళ్ళ తరబడి గస్తీ తిరిగిందిరా. పడమటికి వెళ్ళిపొమ్మంటే వాళ్ళు వెళ్ళలేదు, అదీ గొడవ. మా ఆఫీసున్న డౌన్‌టౌన్‌లోనే అప్పట్లో ఫోర్ట్ బ్రూక్ అనే సైనిక కోట ఉండేది. 1835 డిసెంబర్‌లో మేజర్ డేడ్ అక్కణ్ణుంచే వందమందికి పైగా సైనికులతో బయల్దేరాడు. ప్రమాదం దాటేశాం అనుకుని ఆ రోజు పక్కలకి వేగుల్ని పంపలేదు. చలికి తూటాల సంచుల మీదుగా కోటు బొత్తాలు పెట్టుకున్నారు. సెమినోల్ వాళ్ళు పొంచి ఉండి కాల్చారు, దాదాపు అందరూ అక్కడే పోయారు.

తర్వాత ఎన్ని వేషాలేశారో! 1840లో క్యూబా నుంచి 33 వేటకుక్కల్ని తెప్పించారు. నీళ్ళలో నడిచినవాడి వాసన కుక్కకి ఎలా తగులుతుంది చెప్పు? అదే ఏడాది చివర్లో కల్నల్ హార్నీ 90 మందిని మాను తొలిచి చేసిన పడవల్లో ఎక్కించి, సెమినోల్ బట్టలు కట్టించి ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేలల్లోకి తీసుకెళ్ళాడు. దారి చూపింది జాన్ అనే నల్లజాతి మనిషి. చకైకా అనే నాయకుడు కట్టెలు కొట్టుకుంటుండగా దొరికిపోయాడు. అలా దొరకడం అరుదు. 1842లో ఆ రెండో సెమినోల్ యుద్ధం ఆగేసరికి పోయిన 1,466 మంది సైనికుల్లో పోరులో చచ్చింది 328 మందే. మిగతాది ఎక్కువగా జ్వరాల లెక్క.

నాకు మాత్రం మనసులో నిలిచింది 1855 నాటి చిన్న గస్తీ. లెఫ్టినెంట్ హార్ట్‌సఫ్, పదిమంది మనుషులు. సెమినోల్ ఊళ్ళెక్కడున్నాయో చూసి పటంలో గీసుకోవడమే పని. చూసిన ఊళ్ళన్నీ ఖాళీ. సెమినోల్ నాయకుడు బిల్లీ బౌలెగ్స్ అరటి తోటని వీళ్ళు నరికేశారని ఒక కథ, చరిత్రకారులందరూ ఒప్పుకోరు. కానీ నేను నమ్ముతాను. ఎందుకంటావా, ఆ యుద్ధాల్లో గస్తీ దళాలు మనుషులకన్నా తోటల్నే ఎక్కువ పట్టుకున్నాయి. 1841 ఎండాకాలంలో కల్నల్ వర్త్ దళాలు తిరిగింది మొక్కజొన్న, గుమ్మడి పాదులు నాశనం చెయ్యడానికే కదా. పంట పోతే మనిషే బయటికొస్తాడని.

డిసెంబర్ 20 తెల్లారగట్ల ఈ గస్తీ మీద సెమినోల్ వాళ్ళ కాల్పులు. నలుగురు పోయారు. హార్ట్‌సఫ్ గాయాలతో ఓ మడుగులో దాక్కుని బతికాడు. అలా మూడో యుద్ధం మొదలైంది. 1858లో బౌలెగ్స్ ఓడెక్కి పడమటికి వెళ్ళిపోయాడు, కొన్ని కుటుంబాలు మాత్రం అడవిలోనే ఉండిపోయాయి. వాళ్ళ వంశం వాళ్ళు ఇప్పుడూ ఇక్కడే ఉన్నారు.

బూట్లు మూడ్రోజులుగా బాల్కనీలో ఎండుతున్నాయి, వాసన ఇంకా పోలేదు. మీ ఆవిడ తిడుతుంది గానీ, వచ్చేటప్పుడు పాత బూట్లే తెచ్చుకో.

నీ
రాంబాబు